పడమటి మిట్టసీమ: ఊళ్ళు – నీళ్ళు

పాఠ్యభాగ నేపథ్యం

ఒక ప్రాంతపు నేల తీరునుబట్టి నీటి నడక, నీటి నడకనుబట్టి ఊళ్ళ పుట్టుక, ఊళ్ళ పుట్టుకనుబట్టి మనుషుల బ్రతుకుతెరువు ఏర్పడతాయి. హార్స్లీ హిల్స్ మొదలుకొని మదనపల్లె, పుంగనూరు, కుప్పం వరకు విస్తరించిన సీమను ఆధారంగా చేసుకొని ఈ సంబంధాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

చిత్తూరు నుండి పడమరగా బెంగుళూరు దారిలో ప్రయాణించేవారికి మొగిలి కనుమ ఎదురవుతుంది. ఆ కనుమ ఎక్కి పలమనేరు చేరేసరికి గాలి మారుతుంది, ఎండ తీవ్రత తగ్గుతుంది, పైరుపచ్చల తీరు కూడా వేరుగా కనిపిస్తుంది. చిత్తూరు పట్టణం సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉండగా, కనుమకు పైనున్న పలమనేరు, మదనపల్లె, కుప్పం ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మైసూరు పీఠభూమి తూర్పు అంచు తెలుగునేలలోకి చొచ్చుకొని వచ్చిన భాగమే ఈ ప్రాంతం. స్థానికులు వాడుకలో దీనిని ‘పడమటి మండలాలు’ అంటారు.

ఈ మిట్టసీమకు కిరీటం వంటిది ఏనుగు మల్లమ్మ కొండ. దీని ఎత్తు సుమారు 1,265 మీటర్లు. పూర్వం ఏనుగుల సంరక్షణలో పెరిగిన మల్లమ్మ అనే బాలిక ఈ కొండపై నివసించేదని, చుట్టుపక్కల గిరిజనులకు జబ్బు చేస్తే వైద్యం చేసేదని, ఒకనాడు ఆమె కనబడకుండా పోగా జనులు ఆమెను దేవతగా భావించి గుడి కట్టి కొలిచారని స్థానికంగా ఒక కథ ప్రచారంలో ఉంది. కడప జిల్లా కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్స్లీ అనే ఆంగ్లేయుడు 1870 ప్రాంతంలో ఇక్కడ వేసవి విడిదిని నిర్మించుకున్నాడు. నాటి నుండి ‘హార్స్లీ హిల్స్’ అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది. నీలగిరి తైలం చెట్లు, చందనవృక్షాలు, శిఖరపుటంచున హోరుగాలికి ఆటపట్టయిన గాలిబండ ఈ కొండకు వన్నె తెచ్చాయి. దక్షిణ భారతదేశంలో తప్ప మరెక్కడా కనిపించని పసుపుగొంతు పిగిలిపిట్ట ఈ రాతికొండలలో నివసిస్తున్నది.

యాత్రికుడు గాలిబండపై నిలిచి అందాన్ని చూస్తాడు. భూగోళం చదివే విద్యార్థి అక్కడి నుండే ఒక సమస్యను చూడగలడు. కొండ దిగువన మైదానమంతటా గుండ్రని అద్దాలవలె చెరువులు కనిపిస్తాయి. నిండుగా ప్రవహించే నది మాత్రం ఒక్కటీ కనిపించదు. ఇన్ని చెరువులున్న చోట జీవనది ఎందుకు లేదు? ఈ ప్రశ్నకు సమాధానం తెలిస్తే పడమటి మిట్టసీమ చరిత్రలో సగం తెలిసినట్లే.

ఈ సీమ ఒక జలవిభాజకం. ఇక్కడ కురిసిన వాన నాలుగు దిక్కులకూ చెదిరిపోతుంది. మదనపల్లె మీదుగా పారే బాహుదానది ఈశాన్యంగా సాగి చెయ్యేరులో కలుస్తుంది. చెయ్యేరు పెన్నానదికి ఉపనది. కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టిన పాపఘ్ని ఈ సీమ వాయవ్యపు అంచులను తాకుతూ ఉత్తరంగా పోయి, అది కూడా పెన్నలోనే చేరుతుంది. అదే ప్రాంతంలో పుట్టిన పాలారు కుప్పం నేలపై సుమారు 33 కిలోమీటర్లు మాత్రమే ప్రవహించి తమిళనాడులో ప్రవేశిస్తుంది. పుంగనూరు, పలమనేరు ప్రాంతాల నీటిని సేకరించుకొనే కౌండిన్యనది సైతం చివరకు పాలారులోనే కలుస్తుంది. అనగా ఈ మిట్టసీమ తనపై పడిన నీటిని పొరుగుసీమలకు పంపే దాత. ఎత్తున ఉండడం వలన పైనుండి దీనికి నీరిచ్చే నది లేదు. సంవత్సరానికి సుమారు 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వర్షమే దీనికి ఆధారం.

ఈ నదుల పేర్లు కూడా గమనింపదగినవి. ‘బాహుద’ అంటే బాహువులనిచ్చినది. మహాభారతం శాంతిపర్వంలో శంఖలిఖితుల వృత్తాంతం ఉంది. అన్న అనుమతి లేకుండా అతని తోటలోని పండ్లు తిన్న లిఖితుడు తన తప్పును తానే రాజుకు నివేదించి, దండనగా చేతులు పోగొట్టుకుంటాడు. అన్నగారి ఆదేశంతో బాహుదానదిలో స్నానం చేయగా అతనికి తిరిగి చేతులు మొలుస్తాయి. చెయ్యేరు అనే తెలుగు పేరులోనూ ఆ ‘చెయ్యి’ వినిపిస్తుంది. ‘పాపఘ్ని’ పాపాన్ని హరించేది. ‘పాలారు’ పాల ఏరు. దీనినే సంస్కృతంలో క్షీరనది అన్నారు. వేసవిలో ఇసుక తప్ప చుక్క నీరు కనిపించని ఏళ్ళకు పెద్దలు ఇంత ఉదాత్తమైన పేర్లు పెట్టారు. నీరు అరుదైన చోట నీటిపై గౌరవం హెచ్చుగా ఉండడం సహజం.

పారిపోయే నీటిని పట్టి నిలపడానికి ఈ సీమవాసులు కనుగొన్న ఉపాయం చెరువు. రెండు గుట్టల నడుమ కట్ట పోసి, వంకనీటిని ఆపి, తూము ద్వారా ఆయకట్టుకు వదిలి, మిగులు నీటిని మరవ మీదుగా దిగువ చెరువుకు పంపారు. ఈ విధంగా గొలుసుకట్టు చెరువులు ఏర్పడ్డాయి. ఎగువ చెరువు మరవ పారితేనే దిగువ చెరువు నిండుతుంది. కనుక ఎగువ ఊరు, దిగువ ఊరు ఒకదానిపై ఒకటి ఆధారపడక తప్పదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో లభించిన 1369 నాటి విజయనగర శాసనం ఒక మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను వివరించింది. చెరువును కట్టినవారికి, దాని మరమ్మతు చూసేవారికి ‘దశబంధం’ పేరిట భూములను మాన్యంగా ఇచ్చే పద్ధతి రాయలసీమలో చిరకాలం కొనసాగింది. తటాక నిర్మాణం ఆనాడు శాస్త్రం, ధర్మం, పరిపాలన కలగలసిన విద్య.

ఊళ్ళ పేర్లను పరిశీలిస్తే ఈ చరిత్ర మరింత స్పష్టమవుతుంది. ములకలచెరువు అనే పేరులో చెరువే ఉన్నది. పెద్దతిప్పసముద్రం, చిన్నతిప్పసముద్రం, రామసముద్రం అనే ఊళ్ళు సముద్రతీరానికి ఎంతో దూరంలో ఉన్నాయి. విజయనగర కాలంలో పెద్ద చెరువును ‘సముద్రం’ అని వ్యవహరించేవారు. ఆ చెరువు పేరే ఊరికి నిలిచింది. కురబలకోట, బి.కొత్తకోట, వెంకటగిరికోట అనే పేర్లు కోటల కాలాన్ని, పాలెగాళ్ళ ఏలుబడిని గుర్తుచేస్తాయి. నిమ్మనపల్లె, చౌడేపల్లె, తంబళ్ళపల్లె, బైరెడ్డిపల్లె వంటి ‘పల్లె’లు సేద్యపు జనుల స్థావరాలు. దక్షిణపు కొనకు వెళితే ‘కుప్పం’ అనే పదం కనిపిస్తుంది. తమిళంలో దీనికి చిన్న పల్లె అని అర్థం. కుప్పం, రామకుప్పం అనే పేర్లు ఆ సరిహద్దులో రెండు భాషలు చేతులు కలిపిన తీరుకు సాక్ష్యాలు. మదనపల్లెలో అంతర్భాగమైన నీరుగట్టువారిపల్లె మరింత ఆసక్తికరమైనది. చెరువునీటిని వంతుల ప్రకారం పొలాలకు పారించే గ్రామసేవకుని ‘నీరుగట్టు’ అనేవారు. ఆ వృత్తి పేరుతో వెలసిన పల్లె నేడు పట్టుచీరల నేతకు ప్రసిద్ధి పొందింది. నీరు పంచిన పేరు మిగిలింది. అక్కడ ఇప్పుడు మగ్గాల చప్పుడు వినిపిస్తుంది.

ఈ సీమలోని పట్టణాలు మూడూ మూడు విధాలుగా ఎదిగాయి. మదనపల్లె విద్యకు, ఆరోగ్యానికి నెలవైంది. 1915లో అనీబిసెంటు ఇక్కడ కళాశాలను స్థాపించారు. 1919 ఫిబ్రవరిలో విశ్వకవి రవీంద్రనాథ టాగూరు ఆ కళాశాలకు అతిథిగా వచ్చి, ‘జనగణమన’ గీతాన్ని ఇక్కడే ఆంగ్లంలోకి అనువదించారు. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ కజిన్స్ ఆ గీతానికి స్వరలేఖనం చేశారు. తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఈ ఊరిలోనే జన్మించారు. హార్స్లీ హిల్స్ పాదాల చెంత ఆయన ప్రేరణతో వెలసిన రిషీవ్యాలీ విద్యాలయం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. బీడుబారిన ఆ లోయలో ఏళ్ళతరబడి చెట్లు నాటి, వాననీటిని నిలిపి, పచ్చదనాన్ని పునరుద్ధరించడం వలన పక్షులు తిరిగి వచ్చాయి. 1991లో ఆ లోయ పక్షుల రక్షితప్రాంతంగా గుర్తింపు పొందింది. పట్టణానికి చేరువనున్న ఆరోగ్యవరంలో 1915 నాటికి క్షయ చికిత్సాలయం నెలకొన్నది. క్షయకు మందు లేని ఆ రోజులలో పొడిగాలి, చల్లని వాతావరణం, విశ్రాంతి, మంచి ఆహారం మాత్రమే చికిత్స. మిట్టసీమ గాలే అక్కడ ఔషధంగా పనిచేసింది.

పుంగనూరు జమీందారీ కేంద్రం. ఈ ఊరి పేరును లోకానికి చాటింది మాత్రం ఒక చిన్న ఆవు. పుంగనూరు ఆవు ఎత్తు 70 నుండి 90 సెంటీమీటర్లకు మించదు. ప్రపంచంలోని అతి పొట్టి మూపురపు పశుజాతులలో ఇది ఒకటి. సాధారణంగా ఆవుపాలలో వెన్నశాతం 3 లేక 4 ఉండగా, ఈ ఆవుపాలలో అది 8 వరకు ఉంటుంది. కొద్దిపాటి మేతతో, కరవును తట్టుకొని బ్రతకగలగడం దీని ప్రత్యేకత. మెరక నేలకు, అల్ప వర్షానికి తగినట్లుగా రూపొందిన జీవి ఇది. పాల పరిమాణం ఎక్కువ కావాలన్న కోరికతో రైతులు విదేశీ జాతులతో సంకరం చేయించడం వలన ఈ జాతి అంతరించే దశకు చేరింది. పలమనేరులోని పశుపరిశోధన కేంద్రం దీనిని సంరక్షించే బాధ్యతను చేపట్టింది. నేల తనకు తగినట్లు తీర్చిదిద్దుకొన్న ప్రాణిని, ఆ నేలమీది మనుషులే దాదాపు పోగొట్టుకొన్న ఉదంతమిది.

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. తూర్పున, దక్షిణాన తమిళనాడు, పడమట కర్ణాటక దీనిని ఆవరించి ఉన్నాయి. ఇక్కడి అంగడివీధిలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ సమానంగా వినిపిస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఇక్కడ నెలకొల్పడానికి ఈ భాషాసంగమమే కారణం. ఇక్కడి నేల కింద గ్రానైటుతోపాటు బంగారం కూడా ఉంది. కోలారు బంగారుగనుల శిలాపట్టీ దక్షిణపు కొస కుప్పం ప్రాంతంలోని చిగురుగుంట, బిసానత్తం వరకు వ్యాపించింది. 2001లో కోలారు గనులు మూతపడినప్పుడు ఈ గనులు కూడా మూతపడ్డాయి. పని పోయిన కార్మికులు కొందరు, పంట పోయిన రైతులు కొందరు రైలెక్కి బెంగుళూరు దారిపట్టారు. నేటికీ తెల్లవారుజామున కుప్పం స్టేషనులో ఆ ప్రయాణం కనిపిస్తుంది.

ఇటువంటి సీమను పాలించడానికి గీసిన హద్దులు పలుమార్లు మారాయి. 1800లో నిజాము ఈ పరిసరాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేయగా, మదనపల్లె కడప జిల్లాలో చేరింది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప జిల్లా నుండి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను, ఉత్తర ఆర్కాటు జిల్లా నుండి మరికొన్ని భాగాలను అందులో చేర్చారు. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. కొన్ని గ్రామాలను ఒక సముదాయంగా కూర్చి, వాటి బాగోగులను దగ్గరలోని ఒక కార్యాలయం నుండి చూడడం మండల వ్యవస్థ లక్ష్యం. ఇటువంటి ఏర్పాటు ఇతర దేశాలలోనూ ఉంది. పోలండులో గ్రామసముదాయంతో ఏర్పడే చిన్న పాలనా విభాగాన్ని ‘గ్మీనా’ అంటారు. దానికి ప్రజలెన్నుకొన్న సభ, పెద్ద ఉంటారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు మదనపల్లె కొత్తగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాలో చేరగా, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలోనే నిలిచాయి. ఆ పిమ్మట కూడా సరిహద్దుల సవరణ ఆగలేదు. కాగితంపై గీత మారినంత మాత్రాన వంక తన దారి మార్చుకోదు. ఎగువ చెరువు ఒక మండలంలో, దిగువ చెరువు మరొక మండలంలో ఉన్నప్పటికీ రెండింటికీ ఆధారం ఒకే వాన.

నేటి మిట్టసీమ ఎదుర్కొంటున్న చిక్కు ఇక్కడే ఉంది. ఈ నేల కింది రాయి కణశిల. 250 కోట్ల సంవత్సరాలకు పూర్వపుది. ఇసుకరాతివలె ఇది నీటిని తనలో ఇముడ్చుకోలేదు. పైనున్న శిథిలమైన మట్టిపొరలోను, రాతి నెర్రెలలోను మాత్రమే నీరు నిలుస్తుంది. చెరువు నిండితే ఆ పొర తడిసి, చుట్టుపక్కల బావులు ఊరేవి. మోటబావుల కాలంలో మనిషి తోడిన నీరు, చెరువు ఇచ్చిన నీరు ఇంచుమించు సరితూగేవి. గొట్టపు బావులు వచ్చాక రైతు మట్టిపొరను దాటి నెర్రెలలోని నీటిని తోడసాగాడు. ఒక బోరు ఎండితే మరొకటి, అది ఎండితే ఇంకొకటి చొప్పున వెయ్యి అడుగులు దాటి తవ్వినా నీరు పడని చోట్లు ఏర్పడ్డాయి. బోరు వచ్చిందన్న ధీమాతో చెరువును పట్టించుకొనేవారు కరవయ్యారు. వంకలు పూడాయి, కట్టలపై కంపచెట్లు మొలిచాయి. అందరిదైన చెరువు పోయి, ఎవరి బోరు వారిదైంది. నీటితోపాటు ఊరి ఉమ్మడితనం కూడా ఇంకిపోయింది.

ఈ నీటిపైనే టమాట పంట ఆధారపడి ఉంది. మిట్టసీమ చల్లదనం వలన, ఇతర ప్రాంతాలలో ఎండలకు టమాట పండని నెలలలోనూ ఇక్కడ పండుతుంది. అందువలన మదనపల్లె టమాట విపణి దేశంలోనే పెద్దవాటిలో ఒకటిగా పేరు పొందింది. 2023 జూలైలో ఇక్కడ కిలో ధర దాదాపు 200 రూపాయలకు చేరింది. కోతకూలికి సరిపడే ధర కూడా రాక, పండిన కాయలను రైతులు రోడ్డు పక్కన పారబోసిన సంవత్సరాలూ ఉన్నాయి. బోరుకు చేసిన అప్పు మాత్రం ధరతోపాటు తగ్గదు.

మనుషులేకాక ఏనుగులు కూడా నీటికోసం, మేతకోసం వలస వచ్చాయి. సుమారు రెండు శతాబ్దాల విరామం తరువాత, 1980 దశకంలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుండి ఏనుగుల గుంపులు కుప్పం, పలమనేరు అడవులలోకి ప్రవేశించాయి. వాటి రక్షణకోసం 1990లో కౌండిన్య అభయారణ్యాన్ని ఏర్పరచారు. అడవిలో నీరు తగ్గినప్పుడు అవి చెరకు, వరి, టమాట పొలాలపై పడతాయి. ఒక్క రాత్రిలో ఏడాది పంట పోయినవారున్నారు. ఏనుగుల బారినపడి ప్రాణాలు కోల్పోయినవారూ ఉన్నారు. పొలాల చుట్టూ అమర్చిన విద్యుత్తు తీగలకు ఏనుగులు బలైన సంఘటనలూ ఉన్నాయి. 2025లో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. ఏనుగులు ఒక మానవశిశువును పెంచాయని కథ చెప్పుకొన్న సీమలో నేడు మనిషికీ ఏనుగుకూ నడుమ పోరు సాగుతున్నది.

ఈ కొరతను తీర్చడానికి హంద్రీ–నీవా పథకం ద్వారా శ్రీశైలం జలాశయం నుండి కృష్ణానీటిని మెట్టమెట్టుగా పైకి ఎత్తిపోస్తూ వందల కిలోమీటర్ల దూరం తీసుకువచ్చారు. 2025 ఆగస్టులో ఆ నీరు కుప్పం ప్రాంతపు చెరువును చేరింది. ఎప్పుడూ నీటిని ఇతరులకు పంపే సీమకు తొలిసారిగా దూరపు నది నీరు ఎదురు నడిచి వచ్చింది. ఇది హర్షింపదగినది. అయితే వచ్చిన నీరు నిలవవలసిన పాత్ర మళ్ళీ ఆ పాత చెరువే. కట్ట తెగిన చెరువును కాలువనీరు నింపలేదు. ఎగువ ఊరు మరవను ఎత్తు పెంచుకొంటే దిగువ ఊరికి చుక్క దక్కదు. కాలువ తవ్వడం ప్రభుత్వం పని. కట్టను కాపాడుకోవడం, వంకను ఆక్రమించకుండా ఉండడం, వంతు తప్పకుండా నీరు పంచుకోవడం మాత్రం ఊరి పని.

నీరుగట్టువారిపల్లె అనే పేరు ఒకనాటి ఆ పంపకపు ధర్మాన్ని నేటికీ గుర్తుచేస్తూనే ఉంది. పేర్లలో నిలిచిన ఆ ధర్మం ఆచరణలోకి తిరిగి వచ్చిననాడు, గాలిబండపై నిలిచి చూసేవారికి మైదానంలోని చెరువులన్నీ నిండు అద్దాలై కనిపిస్తాయి.

కఠిన పదాలకు అర్థాలు

మిట్ట = ఎత్తైన నేల
జలవిభాజకం = వాననీటిని వేరువేరు నదులవైపు మళ్ళించే ఎత్తైన భూభాగం
వంక = వాగు
తూము = చెరువు నీటిని పొలాలకు వదిలే ద్వారం
మరవ = చెరువులోని మిగులు నీరు పొర్లిపోయే చోటు, కలుజు
ఆయకట్టు = చెరువు కింద సాగయ్యే భూమి
కణశిల = గ్రానైటు రాయి
నెర్రె = పగులు, బీట
విపణి = అంగడి, మార్కెట్టు

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పడమటి మిట్టసీమలో జీవనది లేకపోవడానికి కారణాలను వివరించండి.
2. ఊళ్ళ పేర్లు స్థానిక చరిత్రను ఏ విధంగా తెలియజేస్తాయో సోదాహరణంగా రాయండి.
3. గొట్టపు బావుల రాకతో చెరువుల స్థితి ఎందుకు మారింది?

II. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. హార్స్లీ హిల్స్‌కు గల పూర్వనామం ఏది?
2. ‘బాహుద’ అనే పదానికి అర్థం ఏమిటి?
3. పోరుమామిళ్ళ శాసనం ఏ సంవత్సరానికి చెందినది?
4. ద్రావిడ విశ్వవిద్యాలయం ఎక్కడ ఉంది?

III. ప్రాజెక్టు పని
మీ ఊరి పేరుకు గల కారణాన్ని పెద్దలనడిగి తెలుసుకోండి. మీ ఊరి చెరువుకు నీరు ఏ వంక నుండి వస్తుందో, మరవ పారితే ఏ ఊరికి చేరుతుందో గుర్తించి ఒక పటం గీయండి.